అరబ్బీ పిల్లలతో ఆన్‌లైన్ మ్యాథ్ సర్కిల్: ఒక గ్రూపు నుంచి నాలుగు గ్రూపుల దాకా

"మాకు అరబ్బీ రాదు, కైరో పిల్లలకూ మస్కట్ పిల్లలకూ లెక్కలు ఎలా చెప్పడం?" ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచి వస్తోంది. గల్ఫ్ స్కూళ్లలో పనిచేసే తెలుగు టీచర్లు అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఒలింపియాడ్ పిల్లలతో వాలంటీర్లుగా కూర్చునేవాళ్లు కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు, పని ఏ వరసలో చేయాలో మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ఇది ట్యూషన్ గురించి కాదు. హైస్కూల్ పిల్లలు సిలబస్ బయటి లెక్కను వారానికి ఒకటి పట్టుకుని తామే తవ్వుకునే చిన్న గ్రూపు, అంటే మ్యాథ్ సర్కిల్ గురించి. భాష కంటే ముందు మీకు అడ్డొచ్చేది లెక్క రాసే పద్ధతి. అందుకే దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. ఏ పిల్లలకో ముందు తేల్చుకోండి

"అరబ్బీ మాట్లాడే పిల్లలు" అంటే ఒకే తరగతి గది అనుకోవద్దు. ఈజిప్టు ప్రభుత్వ బడిలో లెక్కలు అరబ్బీలో చెప్తారు, అక్కడి లాంగ్వేజ్ స్కూళ్లలో ఇంగ్లీషులో. ట్యునీషియా హైస్కూల్లో ఫ్రెంచిలో. మొరాకో 2019 చట్టం తర్వాత సైన్సు, లెక్కలు ఫ్రెంచి వైపు మళ్లాయి. లెబనాన్‌లో బడిని బట్టి ఫ్రెంచి లేదా ఇంగ్లీషు. అంటే ఇంట్లో అరబ్బీ మాట్లాడే పిల్ల బడిలో లెక్క చేసేది వేరే భాషలో కావచ్చు.

నా సలహా: మొదటి గ్రూపును తొమ్మిది, పది తరగతుల పిల్లలతో మొదలుపెట్టండి. చివరి ఏడాది పిల్లలను పిలవకండి. జోర్డాన్, పాలస్తీనాల్లో తౌజీహీ, ఈజిప్టులో సానవియ్యా ఆమ్మా, అల్జీరియా, మొరాకోల్లో బాకలోరియా. ఈ పరీక్షల మార్కుల మీదే కాలేజీ సీటు ఆధారపడుతుంది. మన ఇంటర్ రెండో ఏడాది ఇళ్లలో ఎంత టెన్షన్ ఉంటుందో అక్కడా అంతే. ఏప్రిల్ వచ్చేసరికి ఆ పిల్లలు మాయమైపోతారు, తప్పు వాళ్లది కాదు.

చేరే ప్రతి పిల్లనూ నాలుగు ప్రశ్నలు అడగండి:

- బడిలో లెక్కలు ఏ భాషలో చెప్తారు?
- మీ లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఫోటో పంపగలవా?
- ఫోన్ నీదా, ఇంట్లో అందరిదీనా?
- ఏ రోజు, ఏ వేళ ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది?

రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

## 2. అంకెలు, అక్షరాలు, దిశ: రెండు సాయంత్రాలు కూర్చుని నేర్చుకోండి

అరబ్బీ కుడి నుంచి ఎడమకు రాస్తారని అందరికీ తెలుసు. లెక్క ఏ దిశలో రాస్తారన్నది మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది.

అల్జీరియా, మొరాకో పిల్లలు వాక్యం అరబ్బీలో రాసినా సూత్రాన్ని మనలాగే ఎడమ నుంచి కుడికి, మనం వాడే అంకెలతోనే రాస్తారు. ఈజిప్టు అరబ్బీ మీడియం పిల్లలు మొత్తం సూత్రాన్నే కుడి నుంచి ఎడమకు రాస్తారు. అంకెలు వేరు, చలరాశుల అక్షరాలు వేరు. ఎక్స్‌కు సీన్, వైకి సాద్. సైన్‌కు జీమ్-అలిఫ్, కాస్‌కు జీమ్-తా-అలిఫ్. వర్గమూలం గుర్తు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఘాతాంకం ఎడమ పక్కన పైన కూర్చుంటుంది.

అంకెల్లో మనల్ని పడేసేది ఐదు. ఆ అంకె అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్నా ఒక చుక్క. ఆరు చూస్తే మన ఏడు గుర్తొస్తుంది. పిల్ల రాసిన యాభైని తొందరలో సున్నా పక్కన చుక్క అనుకుని తప్పు కొట్టేస్తాం. ఒక్క ఊరట ఏమిటంటే, ఒక సంఖ్య లోపల అంకెల వరస మారదు. వందల స్థానం ఎడమనే ఉంటుంది.

నా మొదటి గ్రూపులో జరిగింది చెప్తాను. ఒక అరబ్బీ వాక్యం మధ్యలో 2, 5 నిరూపకాలున్న బిందువును టైప్ చేసి పంపాను. వాక్యం కుడి నుంచి నడుస్తోంది కదా, ఫోన్ ఆ జతను తెర మీద తిప్పేసింది. ఎడమ నుంచి చూస్తే ముందు 5, తర్వాత 2. ఈజిప్టు పిల్లలు అలవాటు ప్రకారం కుడి నుంచి చదివి బిందువును సరిగ్గా పెట్టారు. అల్జీరియా పిల్లలు సూత్రాన్ని ఎడమ నుంచి చదువుతారు కాబట్టి దాన్ని 5, 2 దగ్గర పెట్టారు. ఇరవై నిమిషాల పాటు రెండు జట్లూ ఎదుటివాళ్ల గీత తప్పంటూ వాదించుకున్నాయి. రెండు జట్లూ నేను పంపింది సరిగ్గానే చదివాయి. పంపడంలోనే తప్పు చేశాను.

అప్పటి నుంచి ఈ నియమాలు తప్పను:

- సూత్రాన్ని అరబ్బీ వాక్యం మధ్యలో టైప్ చేయను. కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి, విడిగా పంపుతాను.
- నిరూపకాలు, అంతరాలు (ఇంటర్వల్స్), నిష్పత్తులు, తీసివేతలు, భాగహారాలు అయిదూ ప్రమాదమే. వాటిని ఎప్పుడూ బొమ్మతో కలిపి ఇస్తాను.
- పెద్దది, చిన్నది గుర్తులో నోరు తెరిచిన వైపే పెద్ద సంఖ్య. ఏ దిశలో చదివినా ఇది మారదు, కాబట్టి దాన్నే పట్టుకుంటాను.
- పిల్లలు తమ బడి పద్ధతిలోనే రాస్తారు. మార్చుకోమని అడగను.

ఒక పేజీ పట్టిక తయారు చేసుకోండి: ఎడమ వరసలో మన గుర్తు, మధ్యలో కైరో పద్ధతి, కుడి వరసలో అల్జీర్స్ పద్ధతి. పది అంకెలు, ఇరవై గుర్తులు చాలు. పిల్లలు పంపిన పుస్తకం పేజీల నుంచే దాన్ని నింపండి. ఇది చేతిలో ఉంటే అరబ్బీ రాని మనిషి కూడా పిల్ల నోట్సు ఫోటో చూసి ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టేయగలడు. నా పట్టిక ఇప్పటికీ గోడకే ఉంది.

## 3. భాషకు ఒక తోడు మనిషిని వెతకండి

లెక్క మీరు చూసుకోగలరు, మాటకు మాత్రం అరబ్బీ సొంతభాషగా ఉన్న పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. అనువాద యాప్ మీద ఆధారపడొద్దు. ప్రశ్నలో "కనీసం ఒకటి", "కచ్చితంగా ఒకటి" అన్న తేడా యాప్ చేతిలో తేలిగ్గా జారిపోతుంది, దాంతో లెక్కే మారిపోతుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు తోటి అరబ్బీ టీచర్లు దొరుకుతారు. హైదరాబాద్ వాళ్లకు ఇంకో దారి ఉంది. ఉస్మానియా యూనివర్సిటీలో, ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) యెమెన్, సూడాన్, ఇరాక్ లాంటి దేశాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లుంటారు. వాళ్లలో లెక్కలు, ఇంజినీరింగ్, భాషాబోధన చదివేవాళ్లను అడగండి. ఊరికే చేయించుకోకండి. గంటకు ఇంత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి.

రాసేటప్పుడు ప్రామాణిక అరబ్బీ, మాట్లాడేటప్పుడు ఎవరి యాస వాళ్లది. "ఎందుకు?" అన్న ఒక్క మాటనే చూడండి: పుస్తకంలో లిమాజా, కైరోలో లేహ్, గల్ఫ్‌లో లేష్, మొరాకోలో అలాష్. మ్యాథ్ సర్కిల్‌లో మీరు అన్నిటికంటే ఎక్కువసార్లు అనే మాట ఇదే కాబట్టి నాలుగూ నేర్చుకోండి. మీరు "లేహ్?" అన్న రోజు ఈజిప్టు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

కొన్ని మాటలు మనకు పరాయివి కావు. జవాబు అరబ్బీ నుంచి వచ్చిన మాటే. హైదరాబాదీ ఉర్దూలో మస్లా అంటాం కదా, అక్కడ లెక్కను మస్అలా అంటారు. నిరూపణ బుర్హాన్. ఈ మూడింటితో మొదటి వారం గడిచిపోతుంది.

ఇంకో చిన్న విషయం. అరబ్బీలో "నువ్వు" అన్న మాట, దానితో వచ్చే క్రియ అబ్బాయికి వేరు, అమ్మాయికి వేరు. అందరికీ పంపే మెసేజీలు బహువచనంలో రాయించండి. లేకపోతే గ్రూపులోని అమ్మాయిలకు అది తమకు రాసింది కాదనిపిస్తుంది.

## 4. రోజు, వేళ

శనివారం పెట్టుకోండి. సౌదీ, ఈజిప్టు, జోర్డాన్, అల్జీరియాల్లో శుక్ర, శనివారాలు సెలవు. 2022 నుంచి యూఏఈ శని, ఆదివారాలకు మారింది. లెబనాన్, మొరాకోలు కూడా శని, ఆదివారాలే. రెండు జాబితాల్లోనూ ఉండేది శనివారం ఒక్కటే. కొన్ని చోట్ల శనివారం పొద్దున బడి ఉన్నా సాయంత్రం ఖాళీయే.

మనకు రాత్రి 9:30 అయితే మస్కట్‌లో 8, రియాద్‌లో 7, కైరోలో చలికాలం 6, అల్జీర్స్‌లో 5. ఎండాకాలం ఈజిప్టు గడియారం గంట ముందుకు జరుపుకుంటుంది, అప్పుడు అక్కడా 7. ఆ మార్పు వచ్చే వారం ముందే గుర్తుచేయండి.

సాయంత్రం నమాజు వేళలు సెషన్ మధ్యలో పడతాయి. 75 నిమిషాల సెషన్‌లో పది నిమిషాల విరామం ముందే రాసిపెట్టండి, ఎవరూ అనుమతి అడగాల్సిన అవసరం లేకుండా.

రంజాన్‌లో లైవ్ సెషన్ ఆపేయడమే మంచిది. సూర్యాస్తమయం చుట్టూ ఇల్లంతా హడావిడిగా ఉంటుంది. వారానికి ఒక లెక్క గ్రూపులో పెట్టి, జవాబులు వాయిస్ మెసేజీగా రమ్మనండి. ఈ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి క్యాలెండర్ ప్రతి ఏడూ కొత్తగా వేసుకోవాలి.

ఇరాక్, సిరియా, అల్జీరియాల్లో జాతీయ పరీక్షల సమయంలో కాపీలు ఆపడానికి కొన్ని గంటలు ఇంటర్నెట్టే కట్టేసిన సందర్భాలున్నాయి. ఆ రోజుల్లో పిల్ల జవాబివ్వకపోతే ఆసక్తి పోయిందనుకోకండి.

## 5. మొదటి రోజు లెక్క: దిశతో పనిలేనిది ఎంచుకోండి

కూడికలో, గుణకారంలో ఎటు నుంచి చదివినా జవాబు ఒకటే. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు కూడిక, గుణకారం, బొమ్మలు, లెక్కపెట్టడం మాత్రమే. తీసివేతలు, ఘాతాలు తర్వాత.

నేను ప్రతి కొత్త గ్రూపుతో చేసే లెక్క ఇది: రెండు లేదా అంతకంటే ఎక్కువ వరస సహజ సంఖ్యలను కూడితే ఏ సంఖ్యలు వస్తాయి? 9 అంటే 4, 5 కలిపితే వస్తుంది. 2, 3, 4 కలిపినా వస్తుంది. 15 మూడు రకాలుగా వస్తుంది: 7, 8 ఒకటి, 4, 5, 6 ఇంకొకటి, 1 నుంచి 5 దాకా మరొకటి. 1 నుంచి 30 వరకు ఏవి రావో కనిపెట్టండి అంటాను.

పిల్లలు 2, 4 రావని చూడగానే "సరిసంఖ్యలు రావు" అంటారు. ఎవరో ఒకరు 1, 2, 3 కలిపి 6 తెస్తారు, ఆ మాట పడిపోతుంది. తర్వాత "నాలుగు గుణిజాలు రావు" అంటారు. 3, 4, 5 కలిపితే 12. అదీ పోయింది. చివరికి 1, 2, 4, 8, 16 మిగులుతాయి. అక్కడ నోరు మూసుకుని కూర్చోవడమే మీ పని. జాబితాను తెర మీద అలాగే ఉంచండి, అంతే.

ఎందుకు రావన్నది రెండో వారానికి. బేసి సంఖ్యలో పదాలుంటే మొత్తం అంటే పదాల సంఖ్య ఇంటూ మధ్య పదం. సరి సంఖ్యలో పదాలుంటే మొదటిదీ చివరిదీ కలిపితే బేసి వస్తుంది, మొత్తాన్ని అది భాగిస్తుంది. ఎలా చూసినా ఒకటి కంటే పెద్ద బేసి కారణాంకం తప్పదు. 16కు అలాంటిది లేదు. ఈ మాటను పిల్లలు తమ వాక్యంలో రాసే వరకు ఆగండి. మొదటిసారి ఒక పూర్తి బుర్హాన్ తమ చేత్తో రాసినప్పుడు ఆ నోట్సు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి చూడండి, అర్ధరాత్రి అయినా నిద్ర రాదు.

తర్వాతి వారాలకు సరంజామా వెతుక్కోవడం కష్టం కాదు. ఇంటర్నేషనల్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్ అధికారిక సైట్‌లో ప్రశ్నపత్రాలు అరబ్బీలో దొరుకుతాయి. అవి మొదటి ఏడాది పిల్లలకు బరువు, మాటల వాడుక నేర్చుకోవడానికి మీకు పనికొస్తాయి. లెక్కల బొమ్మలు గీసే జియోజిబ్రా సాఫ్ట్‌వేర్ అరబ్బీలో నడుస్తుంది. పునాది జారిన పిల్లలకు ఖాన్ అకాడమీ అరబ్బీ పాఠాలు చూపించండి.

## 6. సెషన్ నడిపే వరస

1. ఐదు నిమిషాలు: పోయిన వారం నోట్సుల నుంచి ఒక ఫోటో. పేరు చెప్పకుండా, ఆ ఆలోచనను అందరి ముందు పెట్టండి.
2. పది నిమిషాలు: కొత్త లెక్క. తోడు మనిషి అరబ్బీలో చదువుతారు. ఒక పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పాలి.
3. ఇరవై నిమిషాలు: ముగ్గురు నలుగురు చొప్పున చిన్న గదుల్లో.
4. పది నిమిషాలు: విరామం.
5. ఇరవై నిమిషాలు: అందరూ కలిసి. ముందు తప్పిపోయిన దారులు, తర్వాత కుదిరిన దారి.
6. పది నిమిషాలు: ఎవరికి వాళ్లు రాసుకోవడం, ఫోటో పంపడం.

చాలామంది ఫోన్ మీదే చూస్తారు. స్లైడ్‌కు ఒకే బొమ్మ, పెద్ద అక్షరాలు. నెట్ బాగా లేని పిల్ల గొంతుతో మాత్రమే ఉన్నా లెక్క అర్థమయ్యేలా మాట్లాడండి.

## 7. అనుమతులు, భద్రత

ఈ భాగాన్ని వాయిదా వేయకండి. మొదటి సెషన్‌కు ముందే ఇవన్నీ పూర్తవాలి:

- తల్లి లేదా తండ్రి సంతకంతో అరబ్బీలో అనుమతి పత్రం
- ప్రతి గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు
- ఏ పెద్దవాళ్లూ ఏ పిల్లకూ విడిగా మెసేజ్ పెట్టకూడదన్న నియమం, అందరికీ చదివి వినిపించాలి
- కెమెరా పిల్ల ఇష్టం. చాలా ఇళ్లలో అమ్మాయిలు కెమెరా వేయరు, కారణం అడగొద్దు
- రికార్డింగ్‌లో తెర, గొంతులు మాత్రమే, అదీ అనుమతి ఉంటేనే

డబ్బు తీసుకోకపోవడమే మేలు. యూఏఈలో ప్రైవేటుగా పాఠాలు చెప్పడానికి 2023 చివరి నుంచి పర్మిట్ విధానం ఉంది. విరాళాలు అడగడానికి కూడా అక్కడ అనుమతి కావాలి. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మన టీచర్లు తమ ఒప్పందంలో బయటి పని గురించి ఏముందో ముందు చదువుకుని, స్కూలుకు చెప్పి మొదలుపెట్టాలి. ఉచితమే కదా అని ఊరుకోవద్దు.

## 8. పెంచడం: గదిని కాదు, గదుల సంఖ్యను

పేరు రాగానే నలభై మంది చేరతామంటారు. చేర్చుకుంటే సర్కిల్ పోయి ఉపన్యాసం మిగులుతుంది. గదికి పది మంది, మహా అయితే పన్నెండు.

కొత్త గ్రూపుకు కొత్త నడిపే మనిషి కావాలి. ఆ మనిషి మీ పాత గ్రూపులోనే ఉంటారు. ఆరు నెలలు ఉన్న పిల్లల్లో, ఇతరుల తప్పును ఓపికగా వినేవాళ్లను చూడండి. అందరికంటే ముందు జవాబు చెప్పే పిల్ల చాలాసార్లు ఈ పనికి సరిపోదు.

శిక్షణ వరస:

- మూడు సెషన్లు పక్కన కూర్చుని నోట్సు రాయడం: ఎవరు ఎక్కడ ఆగారు, మనం ఏం అడిగాం
- మూడు సెషన్లు ఒక చిన్న గదిని నడపడం
- మూడు సెషన్లు మొత్తం నడపడం, మీరు మైక్ ఆపుకుని ఉండాలి

ఇది రెండు నెలలకు పైగా పడుతుంది. తొందరపెట్టకండి. రెండో గ్రూపు తెరిచే ముందు పన్నెండు వారాలకు సరిపడా లెక్కలు, మూడు వరసల పట్టిక, ఇద్దరు పెద్దలు సిద్ధంగా ఉండాలి. ఒక్కటి తక్కువైనా ఆగండి.

గ్రూపులను ఎలా విడదీయాలి? దేశాన్ని బట్టి కాదు, రాసే పద్ధతిని బట్టి. మొదటి నాలుగు నెలలు కుడి నుంచి రాసేవాళ్లు ఒక గది, ఎడమ నుంచి రాసేవాళ్లు ఒక గది. తర్వాత నెలకోసారి కలపండి. అప్పటికి ఎదుటివాళ్ల నోట్సు చదవడం వాళ్లకు ఒక ఆటలా ఉంటుంది.

ఎంతమంది చేరారన్నది లెక్కపెట్టకండి. మూడో వారానికి ఎంతమంది తిరిగి వచ్చారు, ఈ నెల ఎంతమంది సొంత ప్రశ్న అడిగారు. ఈ రెండూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

## 9. తరచూ జరిగే తప్పులు

అందరూ మౌనంగా ఉన్నారు. మీరు ప్రశ్న మరీ పెద్దగా వేశారు. "ఒక్క ఉదాహరణ చాట్‌లో పెట్టండి" అనండి. తప్పైనా ఫర్వాలేదని ముందు తోడు మనిషి చేత ఒక తప్పు ఉదాహరణ పెట్టించండి.

ఒకే పిల్ల అన్నీ చెప్పేస్తోంది. జవాబు మీకు చూపించాక ఇంకో పని ఇవ్వండి: ఇదే లెక్కలో ఒక సంఖ్య మార్చి కొత్త లెక్క తయారు చేయాలి.

తోడు మనిషి లెక్క మొత్తం విప్పి చెప్పేస్తున్నారు. మంచి మనసుతోనే చేస్తారు. సెషన్‌కు ముందు పావుగంట కూర్చుని, ఏ మూడు ప్రశ్నలు మాత్రమే అడగాలో రాసి ఇవ్వండి.

తల్లిదండ్రులు "ఇది పరీక్షలో వస్తుందా?" అంటున్నారు. రాదని నిజం చెప్పండి. పిల్ల రాసిన నోట్సు, మొదటి వారానిదీ పదో వారానిదీ పక్కపక్కన పెట్టి పంపండి. వాళ్లు చదవగలిగే భాషలో, వాళ్ల పిల్ల చేతిరాతలో ఉంటుంది కాబట్టి మీరు ఇంకేం వివరించక్కర్లేదు.

పిల్ల జవాబు తప్పనిపించింది. ఎర్ర పెన్ను పెట్టే ముందు ఐదును సున్నాగా చదివారేమో, సూత్రాన్ని తప్పు వైపు నుంచి మొదలుపెట్టారేమో చూసుకోండి. అనుమానం ఉంటే ఆ ఒక్క గీత చుట్టూ సున్నా చుట్టి, పక్కన "లేహ్?" అని రాసి గ్రూపులోనే పెట్టండి.